చెన్నైలో డిగ్రీకి రెండు కాలేజీల్లో సీటు వస్తే ఏది తీసుకోవాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చాక, మే నెలలో, నెల్లూరు, కావలి, చిత్తూరు వైపు నుంచి చెన్నైలో ఉన్న బంధువులకు ఫోన్లు మొదలవుతాయి. "మావాడికి రెండు చోట్ల సీటొచ్చింది, ఏది మంచిదంటావ్?" అని అడుగుతారు. అవతలివాళ్లు తమకు ఏ పేరు ఎక్కువగా వినబడిందో అది చెప్పేస్తారు. ఒక కాలేజీ మంచిది, ఇంకోటి అంతంతమాత్రం అయితే ఆ సలహా సరిపోతుంది. రెండూ పేరున్నవే అయినప్పుడే చిక్కు. అప్పుడు కాలేజీని కాలేజీతో పోల్చి లాభం లేదు. మీ పిల్ల చేరబోయే డిపార్ట్‌మెంటు, షిఫ్ట్, పక్కన కూర్చునే మనుషులు, పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా రోజు గడిచే తీరు, వీటిని పోల్చాలి. వీటిలో చాలా వాటికి జవాబులు కాగితాల మీదే దొరుకుతాయి. మిగతావి ఒక్కసారి వెళ్లి చూస్తే తెలుస్తాయి.

ఉదాహరణకు చాలామంది తెలుగు కుటుంబాలు తటపటాయించే జంటనే తీసుకుంటాను: తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ (ఎం.సి.సి.), నుంగంబాక్కంలోని లయోలా కాలేజీ. మొదటిది 1837లో మొదలై, 1937లో జార్జిటౌన్ నుంచి తాంబరానికి మారింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది ఈ కాలేజీలోనే, అది జార్జిటౌన్‌లో ఉన్న రోజుల్లో. రెండోది 1925లో జెస్యూట్ ఫాదర్లు పెట్టింది. మన విజయవాడ ఆంధ్ర లయోలా కూడా జెస్యూట్లదే కానీ అది వేరే కాలేజీ; ఫోన్లో ఈ రెండింటినీ కలిపేసే పెదనాన్నలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఎం.సి.సి., లయోలా రెండూ అటానమస్, రెండూ మద్రాసు యూనివర్సిటీ కింద ఉన్నవే, రెండూ బీచ్–తాంబరం సబర్బన్ లైను మీదే ఉన్నాయి. కాగితం మీద కవల పిల్లల్లా కనిపిస్తాయి. లోపల మూడేళ్ల బతుకు మాత్రం పూర్తిగా వేరు. మీ దగ్గర ఉన్న జంట వేరేదైనా, స్టెల్లా మారిస్, ఎతిరాజ్, డి.జి. వైష్ణవ్, పచ్చయప్పాస్, ఏదైనా సరే, పద్ధతి ఇదే.

మొదటి అడుగు: వచ్చిన సీటు అసలు ఏమిటో చూసుకోండి

ఆంధ్రా, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చెన్నైలోని పాత కాలేజీల్లో ఒకే గేటు లోపల రెండు కాలేజీలు నడుస్తుంటాయి. ఎయిడెడ్ కోర్సుల్లో అధ్యాపకుల జీతం ప్రభుత్వం ఇస్తుంది, అందుకే ఫీజు కొన్ని వేలల్లోనే ఉంటుంది. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల్లో జీతాలు మీరు కట్టే ఫీజు నుంచే రావాలి, కాబట్టి ఫీజు పదులవేలల్లోకి పోతుంది. లయోలాలో వీటిని షిఫ్ట్ 1, షిఫ్ట్ 2 అంటారు. ఎం.సి.సి.లో ఎయిడెడ్ స్ట్రీమ్, సెల్ఫ్ ఫైనాన్స్‌డ్ స్ట్రీమ్ అంటారు. చివర్లో చేతికొచ్చే డిగ్రీ ఒకటే, దాని మీద యూనివర్సిటీ పేరూ ఒకటే.

తేడా పాఠాలు చెప్పేవాళ్ల దగ్గర వస్తుంది. ఎయిడెడ్ వైపు పర్మనెంట్ ఉద్యోగులు, ఏళ్లతరబడి అదే సబ్జెక్టు చెప్పినవాళ్లు ఎక్కువ. సెల్ఫ్ ఫైనాన్స్ వైపు జీతాలు తక్కువ కావడంతో మంచి అవకాశం రాగానే వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. అలాగని సెల్ఫ్ ఫైనాన్స్ అంతా నాసిరకం అనుకోవద్దు. విజువల్ కమ్యూనికేషన్, బి.సి.ఎ., బి.బి.ఎ. లాంటి కొత్త కోర్సులు చాలాచోట్ల అక్కడే ఉంటాయి. బాగా నడిచేవీ ఉంటాయి.

ఇక వేళలు. సాధారణంగా ఎయిడెడ్ క్లాసులు పొద్దున మొదలై మధ్యాహ్నానికి అయిపోతాయి, రెండో షిఫ్ట్ మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. కోర్సును బట్టి మారుతుంది కాబట్టి మీ కోర్సు టైంటేబులే అడిగి తీసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మొత్తం లెక్క దీని మీదే తిరుగుతుంది. బి.కాం.తో పాటు సి.ఎ. చేయాలనుకునే పిల్లకు కోచింగ్ ఏ పూటకు పడుతుంది? సివిల్స్ అనుకునే అబ్బాయి సాయంత్రం అన్నానగర్ కోచింగ్‌కు వెళ్లగలడా? అమ్మాయి రెండో షిఫ్ట్ ముగించుకుని చీకటి పడ్డాక ఎంత దూరం ప్రయాణించాలి? ఒక కాలేజీలో ఎయిడెడ్ సీటు, ఇంకో కాలేజీలో సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వచ్చి, కోర్సు అదే అయితే, నేను ఎయిడెడ్ వైపే మొగ్గుతాను. మిగిలే డబ్బుతో హాస్టల్ ఖర్చులో మంచి భాగం గడిచిపోతుంది.

రెండో అడుగు: సిలబస్ పక్కపక్కన పెట్టుకుని చదవండి

అటానమస్ అంటే సిలబస్, పరీక్ష, ప్రశ్నపత్రం అన్నీ కాలేజీ చేతిలోనే ఉంటాయి. యూనివర్సిటీ పట్టా మాత్రమే ఇస్తుంది. కాబట్టి "బి.ఎ. ఎకనామిక్స్ ఎక్కడైనా ఒకటేగా" అనే మాట ఇక్కడ చెల్లదు. రెండు కాలేజీల వెబ్‌సైట్లలోనూ డిపార్ట్‌మెంట్ పేజీలో సిలబస్ పి.డి.ఎఫ్. ఉంటుంది. మొదటి సెమిస్టర్ చూసి మురిసిపోవద్దు, అన్నిచోట్లా అది ఒకేలా ఉంటుంది. అయిదో సెమిస్టర్‌కు వెళ్లండి. అక్కడ ఏ ఎలక్టివ్‌లు (మనం ఎంచుకునే పేపర్లు) ఇస్తున్నారు, ప్రాజెక్టు ఉందా, ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇస్తున్నారా, ఎకనామిక్స్ అయితే ఎకనోమెట్రిక్స్ ఉందా, మ్యాథ్స్ ఎంత ఉంది? ఎం.ఎ.కు పెద్ద యూనివర్సిటీకి వెళ్లాలనుకునేవారికి ఈ ఒక్క పేజీ చాలా చెబుతుంది.

సిలబస్‌లో ఉన్న ఎలక్టివ్‌లన్నీ నడుస్తాయనుకోవడం పొరపాటు. జాబితాలో ఆరు ఉంటే, చెప్పడానికి మనుషులు ఉన్నవి రెండే కావచ్చు. "ఈ సంవత్సరం ఏవి నడిచాయి?" అని డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టండి. జవాబు వచ్చే తీరు కూడా ఒక సమాచారమే.

తర్వాత అధ్యాపకుల జాబితా. పిహెచ్.డి.లు ఎంతమందికి ఉన్నాయన్న లెక్క కంటే ఎంతకాలంగా ఉన్నారన్నది ఎక్కువ పనికొస్తుంది. కేంద్రం తరఫున కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్.కు కాలేజీలు పంపే వివరాల్లో అధ్యాపకులు చేరిన తేదీలు కూడా ఉంటాయి. ఒకే డిపార్ట్‌మెంట్‌లో సగం మంది గత రెండేళ్లలో చేరినవాళ్లే అయితే, ఎందుకని అడగాలి. డిపార్ట్‌మెంట్ పెద్దదవుతుండవచ్చు, లేదా అక్కడ ఎవరూ నిలవడం లేదేమో. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇంటర్నల్ మార్కులు, సెమిస్టర్ పరీక్ష ఏ నిష్పత్తిలో ఉన్నాయో కూడా కనుక్కోండి. ఏడాదంతా టెస్టులు, అసైన్‌మెంట్లు, సెమినార్లు ఉండే పద్ధతి కొందరికి బాగుంటుంది. మన ఇంటర్ అలవాటులో, చివరి నెల పగలూరాత్రీ కూర్చుని రాసేసేవాళ్లకు మొదటి సెమిస్టర్ గట్టి దెబ్బే. ఎయిడెడ్ అయినా కాకపోయినా 75 శాతం హాజరు తప్పదు.

మూడో అడుగు: భాష పేపర్లు

దీని గురించి మనవాళ్లు చేరాక తెలుసుకుని టెన్షన్ పడతారు. తమిళనాడులో డిగ్రీ భాగాలుగా ఉంటుంది. పార్ట్ 1 ఒక భాష, పార్ట్ 2 ఇంగ్లీషు, పార్ట్ 3 మెయిన్, అలైడ్ (అనుబంధ) సబ్జెక్టులు, ఆ పైన పార్ట్ 4, పార్ట్ 5లో చిన్నచిన్న పేపర్లు, ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. లాంటివి. పార్ట్ 1లో తమిళం కాకుండా వేరే భాష తీసుకోవచ్చు. ఏయే భాషలు ఉన్నాయన్నది కాలేజీని బట్టి మారుతుంది: హిందీ, ఫ్రెంచ్, సంస్కృతం, కొన్నిచోట్ల తెలుగు. తెలుగు ఉందని రాసి ఉన్నా, ఈ ఏడాది తరగతి నడిచేంత మంది చేరారా అని అడగండి.

ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న పిల్లలే మనలో ఎక్కువ కదా. వాళ్లకు నాలుగు సెమిస్టర్లు ఒక భాష నిజంగా చదవాల్సి రావడం కొత్త. ఫ్రెంచ్ సున్నా నుంచి మొదలుపెడతారా, స్కూల్లో చదివినవాళ్లతో కలిపి కూర్చోబెడతారా అన్నది ముందే తెలుసుకోవాలి.

స్కూల్లో తమిళం చదవకుండా, పార్ట్ 1లో వేరే భాష తీసుకున్నవాళ్లకు పార్ట్ 4 కింద బేసిక్ తమిళం అనే పేపర్ వస్తుంది. అక్షరాల నుంచే చెబుతారు. దీన్ని గండంగా చూడకండి. క్లాసులో పాఠం ఇంగ్లీషులో జరిగినా క్యాంటీన్, కారిడార్, హాస్టల్ మెస్ అంతా తమిళమే. మొదటి ఏడాది ఆ పేపర్‌ను మనసుపెట్టి చదివినవాడికి రెండో ఏడాదికి స్నేహితులు రెట్టింపు ఉంటారు. పెరంబూరు, సైదాపేట, టి.నగర్ తెలుగు ఇళ్లలో పుట్టి పెరిగిన పిల్లలకు ఈ గొడవ లేదు, వాళ్లలో చాలామంది స్కూల్లో తమిళం చదివే వస్తారు.

నాలుగో అడుగు: ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకు వదిలేసి దాని వెనకున్న పట్టిక తెరవండి

ర్యాంకుల్లో ఏడో స్థానం, పదమూడో స్థానం మధ్య తేడా మీ పిల్లవాడి జీవితంలో కనిపించేది కాదు. కానీ ర్యాంకు కోసం పోటీపడే ప్రతి కాలేజీ తాను పంపిన వివరాలను తన వెబ్‌సైట్లో పెట్టాలి. అడుగున ఎక్కడో "ఎన్.ఐ.ఆర్.ఎఫ్." అని చిన్న లింకు ఉంటుంది. ఆ పి.డి.ఎఫ్. బంగారం. రెండు కాలేజీలవీ ప్రింటు తీసి, ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలతో కలిసి కూర్చోండి.

మొదట విద్యార్థుల సంఖ్య పట్టిక. మూడేళ్ల డిగ్రీ వరుసలో అబ్బాయిలు ఎంతమంది, అమ్మాయిలు ఎంతమంది, రాష్ట్రం లోపలివాళ్లు, బయటివాళ్లు, విదేశీయులు, ఆర్థికంగా వెనుకబడినవారు, సామాజికంగా వెనుకబడినవారు అని విడివిడిగా కాలమ్‌లు ఉంటాయి. ఆ పక్కనే ఫీజు మొత్తం మాఫీ అయినవాళ్లు ప్రభుత్వం నుంచి ఎంతమంది, కాలేజీ సొంత నిధి నుంచి ఎంతమంది అనే లెక్క. కాలేజీ నిధి కాలమ్‌ను రెండుసార్లు చూడండి. పేద విద్యార్థులను చేర్చుకుంటున్నామని అందరూ చెబుతారు, ఎవరు జేబులోంచి తీస్తున్నారో ఆ కాలమ్ చెబుతుంది.

తర్వాత ప్లేస్‌మెంట్ పట్టిక. ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది సరైన సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం, మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు. మీడియన్ దగ్గర తొందరపడొద్దు. వెయ్యి మంది పాసై, రెండు వందల మందికి క్యాంపస్ ఉద్యోగం వస్తే, ఆ అంకె ఆ రెండు వందల మంది జీతాల్లో మధ్యది. మిగతా ఎనిమిది వందల మంది దానిలో లేనే లేరు. ఒక కాలేజీలో మీడియన్ కాస్త తక్కువగా ఉండి, పై చదువులకు వెళ్లినవాళ్లు చాలా ఎక్కువగా ఉంటే, ఎం.ఎస్సీ., ఎం.ఎ. అనుకునే పిల్లలకు అదే సరైన చోటు. నేను ముందుగా చూసేది మాత్రం చేరినవాళ్లలో ఎంతమంది సమయానికి బయటపడ్డారన్నదే. బ్రోషర్‌లో ఎప్పుడూ కనబడని అంకె అది.

రెండు జాగ్రత్తలు. ఇవి కాలేజీలు తామే ఇచ్చిన లెక్కలు. పైగా డిగ్రీ కోర్సులన్నింటికీ కలిపి ఇస్తారు, మీ డిపార్ట్‌మెంట్ లెక్క విడిగా ఉండదు. దాన్ని డిపార్ట్‌మెంట్‌నే అడగాలి.

కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు సంగతి కూడా అందరూ అడుగుతారు. 4కి 3.51 లేదా ఆ పైన వస్తే ఏ డబుల్ ప్లస్, 3.26 నుంచి 3.50 దాకా ఏ ప్లస్. రెండూ మంచి కాలేజీలే అయినప్పుడు ఇది దేన్నీ తేల్చదు. గ్రేడు ఏ సంవత్సరంలో వచ్చిందో చూసి ముందుకు పోండి.

అయిదో అడుగు: పక్క బెంచీలో ఎవరుంటారు

మన తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న "అక్కడ మనవాళ్లు ఉన్నారా?" అని. తప్పేం లేదు, జ్వరం వస్తే మాత్ర తెచ్చిచ్చే మనిషి కావాలి. కానీ మూడేళ్లూ ఆ నలుగురితోనే తిరిగి, ఆ నలుగురితోనే తెలుగు సినిమాకెళ్లి, తమిళం రాకుండా, ఇంగ్లీషు మెరుగుపడకుండా వెనక్కి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. అలాంటప్పుడు ఊళ్లోనే చదివించి ఉంటే హాస్టల్ డబ్బులైనా మిగిలేవి.

కార్పొరేట్ జూనియర్ కాలేజీలో రెండేళ్లు మార్కుల్ని బట్టి విడదీసిన సెక్షన్లలో, తనలాంటివాళ్ల మధ్యే కూర్చున్న పిల్లవాడికి చెన్నై డిగ్రీ క్లాసు నిజంగానే కొత్త లోకం. తమిళనాడులో రిజర్వేషన్ 69 శాతం. ప్రభుత్వ కాలేజీల్లో, మైనారిటీవి కాని ఎయిడెడ్ కాలేజీల్లో ఆ ప్రభావం తరగతి గదిలో కనబడుతుంది. తిరువణ్ణామలై పల్లె నుంచి తన ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్ల, అన్నానగర్ డాక్టర్ల కొడుకు ఒకే బెంచీలో ఉంటారు. ఎస్సీ కోటాలో 2009 నుంచి అరుంధతియర్లకు 3 శాతం విడిగా ఉంది. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. "మనవాళ్లు" ఎవరన్న లెక్క కూడా అక్కడ కాస్త పెద్దదవుతుంది.

లయోలా, ఎం.సి.సి. క్రైస్తవ మైనారిటీ సంస్థలు. సీట్లలో ఎవరికి ఎంత అన్నది వాటి సొంత విధానం, ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. పేద, మొదటితరం విద్యార్థులకు చోటివ్వడం లయోలా తన ధ్యేయంగా చెప్పుకుంటుంది. ఔట్‌రీచ్ కార్యక్రమం పేరుతో విద్యార్థుల్ని నగరంలోని పేదల పేటలకు తీసుకెళ్తుంది. వికలాంగ విద్యార్థుల కోసం అక్కడ విడిగా ఒక కేంద్రం ఉంది. ఎం.సి.సి.లో వైవిధ్యం ఎక్కువగా హాళ్లలో, అంటే హాస్టళ్లలో, కనబడుతుంది. ఈశాన్య రాష్ట్రాల నుంచి, కేరళ నుంచి వచ్చినవాళ్లు ఒకే మెస్‌లో తింటూ మూడేళ్లు కలిసి ఉంటారు. ఒకటి నగరంలోని తేడాలను చూపిస్తుంది, ఇంకోటి దేశంలోని తేడాలను. ఏది కావాలన్నది పిల్లల స్వభావాన్ని బట్టి ఉంటుంది.

అంకెల్లో లేని విషయాలు నేరుగా అడగండి. గ్రూప్ ప్రాజెక్టులు ఎవరు ఎవరితో చేస్తారు, టీచరే జట్లు వేస్తారా? ఇంగ్లీషు రానివాళ్లకు బ్రిడ్జ్ కోర్సు ఉందా? అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు, అబ్బాయిలది ఎన్నింటికి? లైబ్రరీకి ర్యాంప్ ఉందా, లిఫ్ట్ పనిచేస్తుందా? అమ్మాయిల ఫిర్యాదులు వినే కమిటీ పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా? ర్యాగింగ్ సంగతి కూడా అడగండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 పిల్లల ఫోన్‌లో పెట్టి పంపండి.

ఆరో అడుగు: మామూలు పనిరోజున వెళ్లి చూడండి

ఓపెన్ డే రోజు వెళ్తే రంగు కాగితాలు, నవ్వుతున్న వాలంటీర్లు కనబడతారు. వీలైతే సెమిస్టర్ మధ్యలో ఒక మామూలు రోజు వెళ్లండి. ఏప్రిల్ చివరికల్లా పరీక్షలు, సెలవులు వచ్చేస్తాయి, కాబట్టి ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే వెళ్లడం మేలు. సీటొచ్చాక జూన్‌లోనే కుదిరితే, క్లాసులు మళ్లీ మొదలయ్యాక రండి. చాలా చెన్నై కాలేజీల్లో వారాలతో పని లేదు. డే ఆర్డర్ 1 నుంచి 6 దాకా తిరుగుతుంది, మధ్యలో సెలవొస్తే తర్వాతి రోజు అక్కడి నుంచే కొనసాగుతుంది. కాబట్టి "బుధవారం క్లాసులుంటాయా?" అని వాచ్‌మన్‌ను అడిగితే ఆయన మిమ్మల్ని వింతగా చూస్తాడు.

లోపలికి వెళ్లాక భవనాలను చూసి పొంగిపోకండి. డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీది కాగితాల తేదీలు చూడండి. పోయిన ఏడాది సెమినార్ పోస్టర్ ఇంకా వేలాడుతుంటే మీకు జవాబు దొరికినట్టే. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చున్నవాళ్లు ఎంతమంది? మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి? తాగునీళ్లు? ఇవి వెబ్‌సైట్లో ఉండవు.

రెండో ఏడాది విద్యార్థిని పట్టుకోండి. మొదటి ఏడాదివాళ్లకు అంతా అద్భుతం, మూడో ఏడాదివాళ్లకు అంతా విసుగు. ఒకే ప్రశ్న వేయండి: "నిన్న మీకు ఎన్ని క్లాసులు జరిగాయి?" మా అక్క కూతురి విషయంలో ఈ ప్రశ్నే పని తేల్చింది. ఆమెకు వచ్చిన రెండు కాలేజీలు ఇక్కడ చెప్పినవి కావు, పేర్లు అనవసరం. పేరున్న కాలేజీలో, మెట్ల మీద కూర్చుని లెమన్ రైస్ తింటున్న అమ్మాయిని అడిగితే, వేళ్లు లెక్కపెట్టి, "అయిదు పీరియడ్లలో రెండు" అంది. "సార్ వెళ్లిపోయారు, కొత్తవాళ్లు ఇంకా రాలేదు" అని చెప్పి మళ్లీ డబ్బాలోకి చూసుకుంది. మా బావగారు ఆటోలో కూడా "పేరున్న కాలేజీ రా అది" అంటూనే ఉన్నారు. రెండో కాలేజీలో అదే ప్రశ్నకు అబ్బాయి "నాలుగు, అయిదోది ల్యాబ్" అన్నాడు. పిల్ల అక్కడే చేరింది.

ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. అరియర్లు పడితే, అంటే మన సప్లీలు, ఎవరైనా పట్టించుకుంటారా? ప్లేస్‌మెంట్‌కు వచ్చే కంపెనీలు మీ డిపార్ట్‌మెంట్‌వాళ్లను కూర్చోనిస్తాయా, లేక బి.కాం., కంప్యూటర్ సైన్స్ వాళ్లకేనా?

ప్రయాణం చేసి చూడండి, మ్యాపులో కొలవకండి. తాంబరంలో ఎం.సి.సి.కి స్టేషన్ తూర్పు వైపు దిగాలి. నుంగంబాక్కం స్టేషన్‌కు లయోలా దగ్గరే. పెరంబూరులో ఉండే కుటుంబమైతే సెంట్రల్‌కు వచ్చి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌కు నడిచి, తాంబరం లైను ఎక్కాలి. అక్కడి నుంచి నుంగంబాక్కం నాలుగు స్టేషన్లలోపే, తాంబరం అయితే దాదాపు లైను మొత్తం. రోజుకు రానూపోనూ ఎంత పోతుందో కాలేజీ వేళకే బయల్దేరి లెక్క వేసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వర్షాలు. ఆ నెలల్లో ఈ లెక్కకు ఇంకొంత కలపాలి.

ఏడో అడుగు: క్లాసు అయ్యాక ఏం చేస్తారు

ఎం.సి.సి. క్యాంపస్ 365 ఎకరాలు. సగం అడవిలాంటిది, జింకలు తిరుగుతాయి. సేలయూర్ హాల్, సెయింట్ థామస్ హాల్, బిషప్ హీబర్ హాల్ అని అబ్బాయిల హాళ్లకు ఒక్కోదానికీ ఒక్కో చరిత్ర, ఒకదానితో ఒకటి పోటీ. అక్కడ హాలే లోకం. డీప్‌వుడ్స్ కల్చరల్స్, అంటే కాలేజీ సాంస్కృతిక ఉత్సవాలు, వస్తే వారం పాటు ఎవరికీ నిద్ర ఉండదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివే పిల్లలకు ఆ క్యాంపస్సే ల్యాబు. కానీ నగరం మధ్యలో ఇంటర్న్‌షిప్ అంటే రోజూ రైలే.

లయోలా వంద ఎకరాల దాకా ఉంది, అదీ నగరం నడిబొడ్డున. కల్చరల్స్ పేరు ఓవేషన్స్. గేటు దాటితే పని దొరుకుతుంది. ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ దగ్గర, సి.ఎ. వాళ్లకు ఇన్‌స్టిట్యూట్ ఆఫీసు నుంగంబాక్కంలోనే ఉంది. షిఫ్ట్ అయ్యాక సగం రోజు చేతిలో ఉంటుంది. ఆ సగం రోజును వాడుకునే పిల్లలకు లయోలా సరిపోతుంది, ఒంటరిగా వదిలేస్తే ఫోన్‌లో మునిగే పిల్లలకు హాలు జీవితమే మేలు. ఇది నా అభిప్రాయం, మీ పిల్లల సంగతి మీకే ఎక్కువ తెలుసు.

హాస్టల్ సీటు, కాలేజీ సీటు రెండూ వేరని గుర్తుంచుకోండి. సీటొచ్చిందని హాస్టల్ వచ్చినట్టు కాదు. అమ్మాయికి క్యాంపస్ లోపల గది దొరక్కపోతే బయటి లేడీస్ హాస్టలే గతి. నుంగంబాక్కం స్టేషన్‌కు అవతల చూలైమేడులో ఇవి చాలా ఉన్నాయి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేస్తే ఎంత తిరిగిస్తారు, భోజనం ఎలా ఉంది, ఇవి ముందే రాయించుకోండి. రోజూ సాంబారన్నం, రసం, పెరుగన్నం. ఆవకాయ సీసా ఎలాగూ పంపుతారు.

ఇంటికి రాకపోకలు కూడా చూసుకోండి. హైదరాబాదు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తాంబరం దాకా వస్తుంది. తాంబరంలో చదివే పిల్లవాడు సామాను మోసుకుని సెంట్రల్‌కు వెళ్లాల్సిన పని లేదు.

ఎనిమిదో అడుగు: ఇంట్లో మాట తేలకపోతే

నాన్నకు ఒకటి, పిల్లకు ఒకటి నచ్చుతుంది. అప్పుడు మార్కులు వేసి టేబుల్ గీయడం చాలామంది చేస్తారు. అందులో ప్రతి గీతా ముందే నచ్చినదాని వైపు వంగుతుంది. దానికంటే, ఒక్కొక్కరూ "ఈ ఒక్కటి లేకపోతే నేను ఒప్పుకోను" అనేది కాగితం మీద రాయండి. అమ్మ "రాత్రి ఏడింటికి గదిలో ఉండాలి" అని రాస్తుంది. పిల్ల "అయిదో సెమిస్టర్‌లో సైకాలజీ ఎలక్టివ్ ఉండాలి" అని రాస్తుంది. నాన్న ఖర్చు రాస్తాడు. రెండు కాలేజీల్లో ఒకటి సాధారణంగా ఇక్కడే పక్కకు తప్పుకుంటుంది. రెండూ నిలబడితే, మూడేళ్లు చదవాల్సింది పిల్లే కాబట్టి ఆమె మాట నెగ్గాలి.

తొమ్మిదో అడుగు: ఫీజు, కాగితాలు

ఆంధ్రా, తెలంగాణల బి.సి., ఎస్సీ సర్టిఫికెట్లు తమిళనాడు రిజర్వేషన్‌కు పనికిరావు. బయటి రాష్ట్రంవాళ్లను ఓపెన్ కేటగిరీలోనే లెక్కిస్తారు. సొంత రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకునే ముందు, పక్క రాష్ట్రంలో చదివేవారికి వర్తిస్తుందా అని మీ జిల్లా సంక్షేమ శాఖలో కనుక్కోండి. కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ మాత్రం ఏ రాష్ట్రంలో చదివినా వస్తుంది: బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి, కుటుంబ ఆదాయం ఏటా 4.5 లక్షలు దాటకూడదు, డిగ్రీకి ఏడాదికి 12,000 రూపాయలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ ముందే తెప్పించుకోండి. వేరే బోర్డు నుంచి వచ్చినవాళ్లను యూనివర్సిటీ ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కూడా అడగవచ్చు.

రెండో కాలేజీ జాబితా రాకముందే మొదటి కాలేజీ ఫీజు కట్టమంటుంది, ఇది ప్రతి ఏడాదీ జరిగేదే. కట్టి ఆపుకోండి, భయపడక్కర్లేదు. యూజీసీ 2018 నిబంధన ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే రద్దు చేసుకుంటే ఫీజు మొత్తం తిరిగివ్వాలి, అందులో ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా కోసుకోవచ్చు. ఆలస్యం చేసేకొద్దీ 90, 80, 50 శాతానికి తగ్గుతూ పోతుంది. చివరి తేదీ దాటి 30 రోజులయ్యాక ఏమీ రాదు. ఈ మధ్య యూజీసీ ఏటా విడిగా తేదీలు కూడా ప్రకటిస్తోంది. 2024-25లో సెప్టెంబరు 30 దాకా పూర్తి ఫీజు, అక్టోబరు 31 దాకా వెయ్యి రూపాయలకు మించకుండా తగ్గించి మిగతాది ఇవ్వాలని చెప్పింది. మీ ఏడాది తేదీ యూజీసీ వెబ్‌సైట్లో చూసుకుని రద్దు లేఖను మెయిల్‌లోనే పంపండి, నోటిమాటగా చెప్పొద్దు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదు. పరిశీలించి, జిరాక్సులు తీసుకుని, అక్కడికక్కడే ఇచ్చేయాలి. టి.సి. మాత్రం ఎక్కడ చేరితే అక్కడ ఇవ్వాల్సిందే. అందుకే రెండో జాబితా వచ్చేదాకా దాన్ని చేతిలోనే ఉంచుకోవడానికి గడువు అడగండి. ఎవరైనా మిగతా ఒరిజినల్స్ ఆపుతామంటే, ఏ తేదీన ఏమేం తీసుకున్నారో సీలు వేసిన రసీదు ఇవ్వమనండి. రసీదు మాట ఎత్తగానే చాలా కౌంటర్లలో ఆ ఫైలు వెనక్కి వచ్చేస్తుంది.